యూనివర్సల్ అడాప్టర్: ప్రయాణానికి సరే, కాపురానికి?

వేరే దేశానికి మకాం మార్చేవాళ్లు సూట్‌కేసు సర్దుకునే ముందు దాదాపు అందరూ కొనే వస్తువు ఒకటుంది. పక్కనున్న మీట జరిపితే ఒక్కో దేశం పిన్నులు బయటికి వచ్చే చదరపు డబ్బా. అట్టపెట్టె మీద "150 దేశాల్లో పనిచేస్తుంది" అని పెద్దక్షరాల్లో ఉంటుంది. దిగిన రాత్రి ఫోను, లాప్‌టాప్ ఛార్జింగ్ పెట్టుకోవడానికి ఇంతకన్నా తేలికైన దారి లేదు కనుక ఆ పనికైతే ఐదుకి ఐదు ఇవ్వొచ్చు. చిక్కల్లా ఆర్నెల్లు దాటాక కూడా అదే డబ్బా గోడకి వేలాడుతూ ఉండటం, దానికో ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఆ బాక్సుకి కెటిల్, హీటరు తగిలించి ఉండటం. ఇంట్లో రోజువారీ వాడకానికైతే దీనికి రెండు మార్కులకి మించి పడవు.

డబ్బా విప్పితే లోపల పెద్దగా ఏమీ ఉండదు. కొన్ని ఇత్తడి రేకులు, నాలుగు జతల పిన్నులు, ఒక ఫ్యూజు, యూఎస్‌బీ రంధ్రాలుంటే చిన్న ఛార్జర్ బోర్డు. వోల్టేజీని మార్చే భాగం ఏదీ ఇందులో లేదు. గోడలో ఎంత ఉందో అంతే మీ వస్తువులోకి పోతుంది. జపాన్‌లో 100 వోల్టులు, అమెరికా, కెనడాల్లో 120, యూరప్, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో 230. బ్రెజిల్‌లోనైతే ఊరిని బట్టి 127 లేదా 220. పిన్ను పట్టింది కదా అని స్విచ్ వేసేవాళ్లు దెబ్బ తినేది ఇక్కడే.

ఎంత దెబ్బో లెక్క వేస్తే తెలుస్తుంది. వేడి చేసే వస్తువు లాగే వాట్లు వోల్టేజీ స్క్వేర్‌ని బట్టి మారతాయి, అంటే వోల్టేజీ సగమైతే వాట్లు నాలుగో వంతుకి పడిపోతాయి. 230 వోల్టులకు చేసిన 1,500 వాట్ల కెటిల్‌ని 120 వోల్టుల గోడకి పెడితే దానికి అందేది సుమారు 410 వాట్లు. చెడిపోదు కానీ నీళ్లు మరగడానికి నాలుగింతలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది. అటునుంచి ఇటు వస్తే కథ వేరు. 120 వోల్టుల 1,500 వాట్ల హెయిర్ డ్రయ్యర్‌ని 230కి పెడితే దాదాపు 5,500 వాట్లు, అంటే 24 ఆంపియర్లు లాగబోతుంది. అడాప్టర్‌లో ఫ్యూజు ఉంటే అది పోతుంది, లేకపోతే డ్రయ్యరే పోతుంది.

కాబట్టి అడాప్టర్ కొనేముందు చదవాల్సింది వస్తువు వెనకున్న లేబుల్. అందులో "ఇన్‌పుట్" అన్న వరుస చూడాలి. చాలామంది కింది "అవుట్‌పుట్" వరుస చదివి 19 వోల్టులనో 20 వోల్టులనో చూసి గందరగోళపడతారు. ఇన్‌పుట్ దగ్గర 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ (కరెంటు అల సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పే అంకె) అని ఉంటే ఏ దేశంలోనైనా పిన్ను మారిస్తే చాలు. లాప్‌టాప్, ఫోను, కెమెరా ఛార్జర్లన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి. 220–240 అనో 120 అనో ఒక్కటే ఉంటే అది ఆ వోల్టేజీ ఉన్న దేశాలకే. అందర్నీ మోసం చేసేది ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ ఛార్జింగ్ స్టాండు. చూడ్డానికి ఫోన్ ఛార్జర్ అంత అమాయకంగా ఉంటుంది, చాలా మోడళ్లకి మాత్రం ఒకే వోల్టేజీ. డెస్క్‌టాప్ కంప్యూటర్ వెనకాల 115/230 అని చిన్న ఎర్ర మీట ఉంటే, వైరు పెట్టకముందే దాన్ని స్క్రూడ్రైవర్‌తో సరైన వైపు జరపాలి. 115 వైపు వదిలేసి 230కి పెడితే లోపల పేలుతుంది.

ఇక గోడ దగ్గరికి వద్దాం. "150 దేశాలు" అన్న లెక్కలోని కిటుకు ఇక్కడ బయటపడుతుంది. డబ్బాలో ఉండేవి మామూలుగా నాలుగు రకాలు. రెండు బల్లపరుపు పిన్నుల టైప్ ఎ (అమెరికా, జపాన్), రెండు సన్నటి గుండ్రటి పిన్నుల టైప్ సి (యూరప్), మూడు దీర్ఘచతురస్రపు పిన్నుల టైప్ జి (బ్రిటన్, సింగపూర్, గల్ఫ్‌లో చాలా చోట్ల), ఏటవాలు పిన్నుల టైప్ ఐ (ఆస్ట్రేలియా, చైనా). పిన్ను దూరితే ఆ దేశం లెక్కలో చేరినట్టే. గట్టిగా పట్టుకుంటుందా అన్నది అమ్మేవాళ్ల లెక్కలోకి రాదు.

జర్మనీ తరహా సాకెట్ గోడలోకి గుంటలా ఉంటుంది. ఫ్రాన్సు, స్విట్జర్లాండ్, బ్రెజిల్ సాకెట్లలో కూడా చాలావరకు గుంటలే. చదరపు డబ్బా ఆ గుంటలో దిగదు. అంచు దగ్గరే ఆగిపోతుంది, పిన్ను కొస మాత్రం లోపలి రేకుని అందుకుంటుంది. ఫ్రెంచి సాకెట్లో గుంట మధ్యలోంచి ఎర్త్ పిన్ను కూడా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి అక్కడ ఇంకా కష్టం. పైగా టైప్ సి పిన్ను లావు 4 మిల్లీమీటర్లు, జర్మన్ సాకెట్ అసలు పిన్ను 4.8. ఈ కాస్త తేడాకే డబ్బా వదులుగా ఊగుతుంది. భారత్‌లో కనిపించే టైప్ డి సాకెట్ పిన్నులు 5 మిల్లీమీటర్లు దాటి ఉంటాయి, కనుక అక్కడ మరీ వదులు. దక్షిణాఫ్రికాలో కనిపించే పెద్ద గుండ్రటి పిన్నుల టైప్ ఎమ్‌లోనైతే ఇది అసలు పట్టదు.

అమెరికాలో సమస్య బరువు. డబ్బా 150–200 గ్రాములుంటుంది. టైప్ ఎ సాకెట్లో పట్టు రెండు రేకులదే, కింద ఆధారమేమీ ఉండదు. పాత అపార్ట్‌మెంట్లలో అరిగిన సాకెట్లుంటే డబ్బా మెల్లగా తల వాల్చి, పిన్ను సగం బయటికొచ్చి చిటపటలాడుతుంది. ఆ చప్పుడు వినిపించిందంటే లోపల నిప్పురవ్వలు లేస్తున్నాయని అర్థం, వెంటనే తీసేయాలి.

ఈ డబ్బాకి బాగా పట్టు దొరికేది బ్రిటన్ సాకెట్లోనే. అక్కడ ఎర్త్ పిన్ను మిగతా రెండింటికన్నా పొడుగు. ముందు అది దిగితేనే కింది రెండు రంధ్రాల మూతలు తెరుచుకుంటాయి. డబ్బాలో ఆ పొడుగు పిన్ను ప్లాస్టిక్‌ది, మూతలు తెరవడానికే పెట్టినది. (రెండు పిన్నుల ప్లగ్ పెట్టడానికి పై రంధ్రంలో పెన్ను గుచ్చి మూత తెరిచేవాళ్లున్నారు. ఆ మూతలు పెట్టిందే పిల్లలు ఏదైనా గుచ్చకుండా అన్నది గుర్తుంటే ఆ పని చేయరు.) పట్టు బాగున్నా ఇంకో చిక్కుంది. జంట సాకెట్లో పెడితే ఈ డబ్బా పక్క సాకెట్‌ని, దాని స్విచ్‌ని కూడా కప్పేస్తుంది.

బ్రిటన్ ఇళ్లలో సాకెట్ల లైనుకి మెయిన్ బోర్డులో ఉండే బ్రేకర్ తరచుగా 32 ఆంపియర్లది. సన్నటి వైరు కాలిపోకుండా చూసేది ఆ బ్రేకర్ కాదు, ప్రతి ప్లగ్గు లోపలా ఉండే 3 లేదా 13 ఆంపియర్ల ఫ్యూజు. డబ్బా వాడితే ఆ ప్లగ్గు ఉండదు కనుక డబ్బాలోని ఫ్యూజే మీ వైరుకి కాపలా. ఫ్యూజు లేని చవక డబ్బా అయితే, మీ సన్న వైరుకీ 32 ఆంపియర్లకీ మధ్య అడ్డమేమీ లేనట్టే. ఒక్క ఈ కారణంతోనే ఫ్యూజు లేని అడాప్టర్లని తీసి పక్కన పెట్టేయొచ్చు.

ఎర్త్ సంగతి ఇంకా ముఖ్యం. ఈ డబ్బాల్లో చాలావాటికి ఎర్త్ కనెక్షనే ఉండదు. మీ మూడు పిన్నుల ప్లగ్ పైన చక్కగా దూరుతుంది, కానీ ఎర్త్ పిన్ను ఖాళీ రంధ్రంలో కూర్చుంటుంది. మొదట కనిపించే లక్షణం మెటల్ బాడీ లాప్‌టాప్ మీద మణికట్టు ఆనిస్తే సన్నగా జుమ్మనడం. ఛార్జర్ లోపల కరెంటులోని అలజడిని వడకట్టే చిన్న కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటుని ఎర్త్ వైపు పంపుతుంటాయి. ఎర్త్ లేకపోతే అది మీ చెయ్యి గుండా దారి వెతుక్కుంటుంది. మిల్లీఆంపియర్‌లో చిన్న భాగమే కాబట్టి లాప్‌టాప్ దగ్గర అది చిరాకు మాత్రమే.

ఇస్త్రీపెట్టె, లోహపు కెటిల్, వాషింగ్ మెషీన్ దగ్గర మాత్రం అలా కాదు. లోపల వైరు ఊడి బాడీకి తగిలితే, ఎర్త్ ఉన్నచోట ఆ క్షణమే ఫ్యూజో బ్రేకరో పడిపోతుంది. ఎర్త్ లేకపోతే ఏమీ పడదు. బాడీకి పూర్తి వోల్టేజీ ఎక్కి, ఎవరైనా ముట్టుకునేదాకా అలాగే ఉంటుంది. మనిషి ముట్టుకున్నాక పడే లీకేజీ బ్రేకర్ ఉంటే (యూరప్‌లో మామూలుగా 30 మిల్లీఆంపియర్లకు, అమెరికా బాత్రూముల్లో 5 దగ్గర) షాక్ కొట్టాక కాపాడుతుంది. అందుకని లేబుల్ మీద చదరంలో చదరం గుర్తు (ఎర్త్ అక్కర్లేని వస్తువని అర్థం) ఉండి రెండు పిన్నులే ఉన్న వస్తువైతే ఈ డబ్బాకి పెట్టొచ్చు. మూడు పిన్నుల ప్లగ్గు దీనికి పెట్టకూడదు.

డబ్బా మీది వాట్ల అంకె కూడా జాగ్రత్తగా చదవాలి. అసలు పరిమితి ఆంపియర్లలో ఉంటుంది: 6, 8, లేదా 10. ఎనిమిది ఆంపియర్ల డబ్బా మీద గొప్పగా అచ్చేసే 1,840 వాట్లు 230 వోల్టుల దగ్గరి లెక్క. అదే డబ్బా 120 వోల్టుల దగ్గర 960 వాట్లకే సరి. ఆరు ఆంపియర్లదైతే 720. అమెరికాలో అమ్మే మామూలు కెటిళ్లు, హెయిర్ డ్రయ్యర్లు 1,500 వాట్ల చుట్టూ ఉంటాయి కాబట్టి అవి దీనికి అందని బరువు.

పరిమితి లోపలే ఉన్నా గంటల తరబడి వాడటం వేరు. వదులు పిన్ను దగ్గర 0.1 ఓమ్ అడ్డు ఉందనుకుంటే, ఫోన్ ఛార్జర్ లాగే కాస్త కరెంటుకి తెలియను కూడా తెలియదు. 8 ఆంపియర్లు పోతే ఆ ఒక్క చోటే 6.4 వాట్ల వేడి పుడుతుంది. గోరంత ప్లాస్టిక్ మధ్యలో అది చాలా ఎక్కువ. మూడు నిమిషాల కెటిల్‌కి తట్టుకున్న డబ్బా రాత్రంతా నడిచే రూమ్ హీటర్‌కి గోధుమరంగు తిరిగి, చేపల కంపులాంటి ప్లాస్టిక్ వాసన వేస్తుంది. వాసన వచ్చిందంటే రేకుల బిగువు అప్పటికే పోయినట్టు, దాన్ని మళ్లీ వాడకూడదు.

యూఎస్‌బీ రంధ్రాల విషయంలో ఇవి బాగా మెరుగయ్యాయి, మెచ్చుకోవాలి. 65 వాట్ల యూఎస్‌బీ-సి పోర్టు ఉన్న డబ్బా ఉంటే చాలా లాప్‌టాప్‌లకి విడిగా ఛార్జరే అక్కర్లేదు. రెండు సంగతులు మాత్రం గుర్తుండాలి. ఆ 65 వాట్లు ఒకే పోర్టు వాడినప్పటివి. రెండోదానికి ఫోను తగిలించగానే 45, 20గా పంచుకుంటాయి, పంచుకునే ఆ క్షణంలో లాప్‌టాప్ ఛార్జింగ్ ఒకసారి ఆగి మళ్లీ మొదలవుతుంది. రెండోది, 20 వోల్టుల దగ్గర 65 వాట్లంటే 3.25 ఆంపియర్లు. మామూలు సి-కేబుల్ పరిమితి 3 ఆంపియర్లే కనుక దాంతో 60 వాట్లే వస్తాయి. పూర్తిగా రావాలంటే 5 ఆంపియర్ల కేబుల్ కావాలి.

సరే, ఇంట్లోకి ఏం కొనాలి? చాలా సందర్భాల్లో జవాబు అడాప్టర్ కాదు, వైరు. లాప్‌టాప్ ఛార్జర్, మానిటర్, ప్రింటర్, టీవీ వెనకాల చూడండి. వైరు ఊడదీయగలిగితే అది ప్రపంచమంతా ఒకే కొలత. ఎనిమిది అంకె ఆకారంలో ఉంటే దాని పేరు సి7, మూడు ఆకుల ఆకారమైతే సి5, మానిటర్లకుండే మూడు పిన్నుల వెడల్పుదైతే సి13. దిగిన దేశంలో ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా ఈ పేరు చెబితే అక్కడి ప్లగ్గు ఉన్న వైరు ఇస్తారు. ఎర్త్ ఉంటుంది, ప్లగ్గు గోడలో గట్టిగా కూర్చుంటుంది, బ్రిటన్‌లోనైతే ఫ్యూజు కూడా దాంతోనే వస్తుంది. లాప్‌టాప్ వైరుకి 3 ఆంపియర్ల ఫ్యూజు చాలు.

వైరు ఊడని రెండు పిన్నుల వస్తువులకి ఒకే దేశానికి చేసిన కన్వర్టర్ ప్లగ్గులు దొరుకుతాయి. పాత ప్లగ్గుని అందులో కూర్చోబెట్టి మూత స్క్రూతో బిగించేస్తారు, తర్వాత దాన్ని శాశ్వతంగా అలాగే వదిలేయొచ్చు. ప్లగ్గు కోసి కొత్తది వేసుకునేవాళ్లకి రంగుల మాట: యూరప్ తరహా వైరులో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, పచ్చ-పసుపు చారలది ఎర్త్. అమెరికాలో నలుపు ఫేజు, తెలుపు న్యూట్రల్, పచ్చ ఎర్త్. అద్దె ఇంట్లో ఓనరు సామాను మీద మాత్రం కత్తెర వేయకండి.

"పాత దేశం నుంచి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసుకెళ్లి, దానికి ఒక్క అడాప్టర్ తగిలిస్తే చాలు" అన్న సలహా తరచూ వినిపిస్తుంది. నాలుగైదు ఛార్జర్ల వరకు, మొత్తం రెండు మూడొందల వాట్లలోపు, ఎర్త్ ఉన్న అడాప్టర్‌తో అయితే అందులో తప్పులేదు. సర్జ్ ప్రొటెక్షన్ ఉన్న బాక్సుని మాత్రం 120 వోల్టుల దేశం నుంచి 230కి తీసుకెళ్లకూడదు. అందులో ఎక్కువ వోల్టేజీ వస్తే మింగేసే బిళ్లలుంటాయి. 120 కోసం కొలిచిన బిళ్లకి 230 అంటే ఎడతెగని ఉప్పెన. స్విచ్ వేసిన కాసేపటికే కాలి పొగ వస్తుంది. తగిలించిన ఛార్జర్లన్నీ 100–240వి అయినా సరే, బాక్సు మాత్రం కాలుతుంది.

వోల్టేజీ మార్చాలనుకునేవాళ్లకి రెండు రకాల వస్తువులు అమ్ముతారు. అరచేతిలో పట్టే తేలికపాటి "కన్వర్టర్" కరెంటు అలని ముక్కలుగా కోసి సగటు తగ్గిస్తుంది. ఇది హెయిర్ డ్రయ్యర్‌లాంటి కాయిల్ వస్తువులకి కాసేపు పనికొస్తుంది, ఎలక్ట్రానిక్స్‌కి పెడితే వాటిని చంపేస్తుంది. రెండోది ఇనుప గుండె ఉన్న అసలైన ట్రాన్స్‌ఫార్మర్. నమ్మకమైనదే, కాకపోతే వెయ్యి వాట్లదాన్ని ఒంటి చేత్తో మోయడం కష్టం. వేడి చేసే వస్తువుకి దాని వాట్లకన్నా ఒకటిన్నర రెట్లు, మోటారు ఉన్నదానికి రెండు మూడు రెట్లు పెద్దది తీసుకోవాలి. ఎందుకంటే మోటారు తిరగడం మొదలెట్టేటప్పుడు చాలా ఎక్కువ లాగుతుంది. ఏమీ తగిలించకపోయినా గోరువెచ్చగా ఉంటూ కరెంటు తింటుంది కాబట్టి పనయ్యాక ప్లగ్గు తీసేయాలి. 2,000 వాట్ల కెటిల్‌ని అమెరికాలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడుపుదామనుకుంటే కుదరదు. గోడ వైపు నుంచి దాదాపు 17 ఆంపియర్లు కావాలి, అక్కడి మామూలు గోడ సాకెట్ 15 ఆంపియర్లది.

ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది, హెర్ట్జ్‌ని మార్చలేదు. మిక్సీ, వాక్యూమ్ క్లీనర్‌లలో ఉండే బ్రష్షుల మోటారుకి 50 అయినా 60 అయినా తేడా పడదు, వోల్టేజీ సరిచేస్తే చాలు. ఫ్రిజ్ కంప్రెసర్, మామూలు ఫ్యాన్ల మోటారుకి పడుతుంది. 60 హెర్ట్జ్‌కి చేసినదాన్ని అదే వోల్టేజీ దగ్గర 50కి పెడితే నెమ్మదిగా తిరుగుతూ, లోపలి ఇనుములో అయస్కాంత బలం పెరిగి, మామూలుకన్నా వేడెక్కుతుంది. జపాన్‌లో తూర్పు సగం 50, పడమటి సగం 60 కావడంతో అక్కడివాళ్లకి ఊరు మారినా ఈ బెడద ఉంది. గోడ కరెంటు అలల్ని లెక్కపెట్టి నడిచే 60 హెర్ట్జ్ గడియారాన్ని 50 ఉన్న చోట పెడితే గంటకి పది నిమిషాలు వెనకబడుతుంది. కొన్ని పాత మైక్రోవేవ్ ఓవెన్ల గడియారాలు ఈ రకమే.

వీటన్నిటి ప్రకారం కెటిల్, ఇస్త్రీపెట్టె, హెయిర్ డ్రయ్యర్, హీటర్, ఇండక్షన్ స్టవ్, ఫ్రిజ్, మైక్రోవేవ్ వదిలేసి వెళ్లడమే మేలు. అక్కడ కొత్తది కొన్న ఖర్చు ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చుకన్నా మామూలుగా తక్కువే అవుతుంది. 100–240 అని రాసున్నవన్నీ తీసుకెళ్లండి.

మొదటి వారం కోసం డబ్బా కొనేటప్పుడు చేత్తో పట్టుకుని చూడగలిగితే మంచిది. ఒక జత పిన్నులు బయటికి తీశాక రెండో జత మీట కదలకూడదు. రెండూ ఒకేసారి బయటికొస్తే, గోడలో లేని జతకి కూడా కరెంటు ఉంటుంది. పైన రంధ్రాలకి లోపలి మూతలుండాలి. ఆంపియర్ల అంకె అట్టపెట్టె మీదే కాదు, డబ్బా ఒంటి మీద అచ్చయి ఉండాలి. యూరప్ నియమాలకి సరిపోతుందని చెప్పే సీఈ గుర్తు తయారీదారు తనకు తానే వేసుకునేది, దాన్నే నమ్ముకోవద్దు. బ్రిటన్ ప్రమాణం బీఎస్ 8546 అంకె కనిపిస్తే కాస్త మేలు. ఎర్త్ ఉన్న మోడళ్లు అరుదుగా దొరుకుతాయి, లావుగా ఉంటాయి, అయినా వాటికే ఓటు.

ఫ్యూజు మార్చుకోగలిగిన మోడల్, లోపల ఒకటి అదనంగా పెట్టి ఇచ్చేది తీసుకోండి. అది పోయినప్పుడు డబ్బాని గోడ నుంచి తీసి, మూత తిప్పి, అదే ఆంపియర్లది వేయాలి. ఆరు ఉన్నచోట పది వేయడం, వెండిరేకు చుట్టడం లాంటి పనులు వద్దు. రెండో ఫ్యూజు కూడా వెంటనే పోయిందంటే తప్పు అడాప్టర్‌ది కాదు, దానికి తగిలించిన వస్తువుది. దాన్ని తీసి ముందు ఇన్‌పుట్ వరుస మళ్లీ చదవండి.